గడప దాటని పరభాష

1550వ సంవత్సరం వేసవి. ఇంగ్లాండులోని లెస్టర్‌షైర్ ప్రాంతంలో బ్రాడ్‌గేట్ అనే ప్రభు భవనం. ఇంటి యజమాని, యజమానురాలు, వారి పరివారమంతా వేటకు వెళ్లారు. ఆ సమయంలో అక్కడికి వచ్చిన రోజర్ ఆస్కమ్ అనే పండితునికి ఇంట్లో ఒక బాలిక ఒంటరిగా కూర్చుని పుస్తకం చదువుతూ కనిపించింది. ఆ పుస్తకం ప్లేటో రచించిన 'ఫీడో'. అది అనువాదం కాదు, గ్రీకు మూలం. ఆ బాలిక పేరు లేడీ జేన్ గ్రే. ఆమె వయస్సు అప్పటికి ఇంచుమించు 13 సంవత్సరాలు. అందరితో కలిసి వేటకు వెళ్లక చదువుతో కాలక్షేపం చేయడానికి కారణమేమిటని ఆస్కమ్ అడిగాడు. తల్లిదండ్రుల ఎదుట తాను కూర్చున్నా నిలుచున్నా, మాట్లాడినా మౌనంగా ఉన్నా, కుట్టుపని చేసినా ఏదో ఒక తప్పు పట్టి తిడతారనీ, గిచ్చుతారనీ, గురువు ఎయిల్మర్ మాత్రం ఎంతో మృదువుగా పాఠం చెబుతాడనీ, ఆయన దగ్గర గడిపే సమయమే తనకు సుఖమనీ ఆమె సమాధానమిచ్చింది.

ఆస్కమ్ మరణానంతరం 1570లో వెలువడిన 'ది స్కూల్ మాస్టర్' అనే గ్రంథంలో ఈ సంఘటన ఉంది. పూర్వం సంపన్న కుటుంబాల స్త్రీలు ఎంత గొప్పగా చదువుకున్నారో చెప్పవలసి వచ్చినప్పుడల్లా దీనిని ఉదాహరించడం పరిపాటి. గ్రీకు చదివిన బాలికను చూసి ఆశ్చర్యపోయేవారు ఆమె చెప్పిన సమాధానాన్ని మాత్రం అంతగా పట్టించుకోరు. ఆ ఇంట్లో ఆమెకు గ్రీకు ఒక తలదాచుకునే చోటు. ఆ చోటును ఏర్పాటు చేసినవారు తల్లిదండ్రులే. ఆమె దేని నుంచి తలదాచుకోవలసి వచ్చిందో ఆ కాఠిన్యమూ వారిదే. పెద్దల రాజకీయం ఆమెను 1553లో తొమ్మిది రోజులు సింహాసనం మీద కూర్చోబెట్టింది. 1554 ఫిబ్రవరిలో ఆమె శిరచ్ఛేదం జరిగింది.

కలిగినవారి ఇళ్లలో ఆడపిల్లలకు పరభాషలు అందిన మాట నిజమే. అయితే అవి వారికి హక్కుగా అందలేదు; ఇంటి పెద్ద అభిరుచి మేరకు అందాయి. భాష నేర్పించినవారే ఆ భాషతో ఎంతదూరం వెళ్లవచ్చునో హద్దు కూడా గీశారు. ఇంగ్లాండు చరిత్రలో దాదాపు నాలుగు శతాబ్దాల పాటు ఈ రెండు పనులూ ఒకే చేతిమీదుగా సాగాయి.

పదహారవ శతాబ్దపు తొలినాళ్లలో థామస్ మోర్ అనే న్యాయవేత్త తన కుమార్తెలకు కుమారునితో సమానంగా లాటిన్, గ్రీకు భాషలను ఇంట్లోనే చెప్పించాడు. పెద్ద కుమార్తె మార్గరెట్ రోపర్ ఇరవై ఏళ్లయినా నిండకముందే ఎరాస్మస్ లాటిన్‌లో రాసిన ఒక ప్రార్థనా వ్యాఖ్యానాన్ని ఇంగ్లీషులోకి అనువదించింది. ఆ అనువాదం ముద్రణ పొందినప్పుడు గ్రంథంపై ఆమె పేరు లేదు. అదే కాలంలో స్పెయిన్ దేశపు పండితుడు వీవెస్ రాజకుమారి మేరీ కోసం స్త్రీవిద్యపై ఒక గ్రంథం రచించాడు. స్త్రీ చదవాలని గట్టిగా వాదించినవారిలో ఆయన ఒకడు. ఆ చదువు ఆమె శీలానికి మాత్రమే ఉపయోగపడాలనీ, ఇతరులకు బోధించే పని ఆమెకు తగదనీ నిర్దేశించినవాడూ ఆయనే.

నేర్పే పద్ధతి మాత్రం కొన్ని ఇళ్లలో నిజంగా ఉత్తమంగా ఉండేది. రాజకుమారి ఎలిజబెత్‌కు ఆస్కమ్ అనుసరించిన విధానమే ఇందుకు తార్కాణం. శిష్యురాలు మొదట ఒక లాటిన్ భాగాన్ని ఇంగ్లీషులోకి మార్చాలి. కొంత వ్యవధి తరువాత మూలం చూడకుండా ఆ ఇంగ్లీషును తిరిగి లాటిన్‌లోకి మార్చాలి. అప్పుడు గురువు మూలాన్నీ శిష్యురాలి రచననూ పక్కపక్కన పెట్టి, కోపగించకుండా, ఎక్కడ బాగుందో ఎక్కడ తేడా వచ్చిందో చూపించాలి. వ్యాకరణ సూత్రాలను బెత్తం భయంతో వల్లె వేయించే బడులు అంతటా ఉన్న రోజులవి. ఇద్దరే ఎదురెదురుగా కూర్చుని చేసుకునే ఈ సాధన బడికి వెళ్లిన ఎందరో మగపిల్లలకు దక్కలేదు. 1544 చివర, 11 ఏళ్ల వయస్సులో, ఎలిజబెత్ ఒక ఫ్రెంచి కావ్యాన్ని ఇంగ్లీషులోకి అనువదించి, దానికి స్వయంగా ఎంబ్రాయిడరీ చేసిన అట్ట తొడిగి, సవతి తల్లి కేథరిన్ పార్‌కు నూతన సంవత్సర కానుకగా ఇచ్చింది. ఆ ప్రతి నేటికీ ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. ఒకే వస్తువులో సూదిపని, భాషాజ్ఞానం కలిసి ఉన్నాయి. చూసేవారికి ముందుగా కనిపించేది సూదిపనే.

ఆ బాలిక తరువాత రాణి అయింది. 1597లో పోలండు రాయబారి తన కొలువులో దర్పంగా ప్రసంగించినప్పుడు, ముందుగా సిద్ధం చేసుకున్న ప్రసంగమేదీ లేకుండానే, లాటిన్‌లో అతనికి దీటైన సమాధానం చెప్పింది. ఆమెకు అధికారం ఉంది కనుక ఆమె లాటిన్ రాజ్య వ్యవహారానికి పనికివచ్చింది. అదే లాటిన్ నేర్చిన ఇతర స్త్రీలకు మిగిలిన దారి అనువాదం. ఆన్ కుక్ బేకన్ అనే విదుషీమణి బిషప్ జ్యూయెల్ లాటిన్‌లో రాసిన మతగ్రంథాన్ని 1564లో ఇంగ్లీషులోకి తెచ్చింది. సొంత అభిప్రాయం చెబితే అది సాహసమనిపించుకునేది. ఇతరుల మాటను చేరవేస్తే వినయమనిపించుకునేది. ఆంగ్ల సాహిత్యంలో తొలినాటి రచయిత్రులలో అనేకులు అనువాదకులు కావడం వెనుక ఈ సర్దుబాటు ఉంది. ఆన్ కుమారుడు ఫ్రాన్సిస్ బేకన్‌ను లోకం తత్త్వవేత్తగా ఎరుగును. తల్లిని ఎరిగినవారు తక్కువ.

పదిహేడవ శతాబ్దంలో హద్దు మరింత ముందుకు జరిగింది. మహాకవి మిల్టన్ ఇంటి ఉదంతం వింతగా తోచినా నిజం. చూపు కోల్పోయిన ఆ కవి తన కుమార్తెల చేత లాటిన్, గ్రీకు, హీబ్రూ మొదలైన భాషల గ్రంథాలను పైకి చదివించుకునేవాడు. అక్షరాలు గుర్తించి తప్పులేకుండా ఉచ్చరించడం మాత్రమే వారికి నేర్పాడు. అర్థం నేర్పలేదు. ఈ సంగతిని కవి మేనల్లుడు ఎడ్వర్డ్ ఫిలిప్స్ తాను రాసిన జీవితచరిత్రలో పేర్కొన్నాడు. గంటల తరబడి అర్థం తెలియని భాషను ఉచ్చరించిన ఆ పిల్లల విసుగు ఎంతటిదో ఊహించుకోవచ్చు. పరభాష ఇంట్లోకి రావడం వేరు, అది ఆడపిల్లకు దక్కడం వేరు.

పద్దెనిమిదవ శతాబ్దం నాటికి ధనిక కుటుంబాలలో ఆడపిల్లల భాష లాటిన్ కాదు, ఫ్రెంచి. 1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంట్లకున్న మతస్వేచ్ఛను రద్దు చేయగా వేలాదిమంది ఇంగ్లాండుకు వలస వచ్చారు. వారిలో అనేకులకు ఫ్రెంచి నేర్పడమే జీవనాధారమైంది. ఆ శతాబ్దపు మధ్యభాగంలో లండనులో గవర్నెస్‌గా పనిచేసిన ఫ్రెంచి మహిళ మదాం లప్రాన్స్ ద బోమాన్ 1756లో తన శిష్యురాళ్ల వంటి పిల్లల కోసం ఒక పుస్తకం ప్రచురించింది. ఒక ఉపాధ్యాయినికీ ఆమె శిష్యురాళ్లకూ జరిగే సంభాషణల రూపంలో ఉన్న ఆ పుస్తకంలో భూగోళం, బైబిలు కథలు, నీతులు, నడుమ నడుమ అద్భుత కథలు ఉన్నాయి. లోకమంతటా ప్రసిద్ధి పొందిన 'సుందరి – మృగం' కథ నేటి పాఠకులకు తెలిసిన క్లుప్త రూపం సంతరించుకున్నది అందులోనే. ఆంగ్లేయ బాలికలకు ఫ్రెంచి పాఠంగా పుట్టిన కథ అది. పిల్లల ఆసక్తిని గుర్తెరిగిన ఉపాధ్యాయిని చేతిలో ఇంటి చదువు ఎంత సజీవంగా ఉండగలదో చెప్పడానికి ఇంతకంటె మంచి నిదర్శనం దొరకదు.

అయినా ఈ ఫ్రెంచి దేనికోసం? పియానో, చిత్రలేఖనం, నృత్యం సరసన ఫ్రెంచి కూడా వధువుకు ఉండవలసిన ఒక సొగసు. ఇటాలియన్ నేర్పితే పాటలు పాడటానికి. తెలుగు పాఠకులకు ఇది కొత్త సంగతి కాదు. పెళ్లిచూపులనాడు ఒక పాట పాడించడానికి ఆడపిల్లకు నాలుగు కీర్తనలు నేర్పించి, పెళ్లితో ఆ చదువు ముగించిన ఇళ్లు తెలుగునాట కోకొల్లలు. నేర్చినది కొంచెమైతే ముచ్చట, ఎక్కువైతే ముప్పు. ఒక ప్రభువు కుమార్తెగా పుట్టిన లేడీ మేరీ వర్ట్లీ మాంటెగ్యూ తండ్రి గ్రంథాలయంలో దాగి, ఎవరికీ తెలియకుండా, తనంతట తాను లాటిన్ నేర్చుకుంది. ఆమె 1753లో తన కుమార్తెకు రాసిన ఉత్తరంలో మనుమరాలికి భాషలు నేర్పించమని ప్రోత్సహిస్తూనే, ఆ విద్యను అంగవైకల్యాన్ని దాచుకున్నంత జాగ్రత్తగా దాచుకోవాలని సలహా ఇచ్చింది. మేధావిగా పేరుపొందిన స్త్రీ, జీవితమంతా లోకాన్ని చూసిన తరువాత, సొంత మనుమరాలికి ఇవ్వగలిగిన సలహా అది!

ఆ ఇళ్లలో ఆ భాషను నేర్పినవారి సంగతి కూడా చూడాలి. పంతొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లాండులో సంపన్న బాలిక భాషా విద్య యావత్తూ గవర్నెస్ అనే పేద చదువరి భుజాల మీద నిలిచింది. 1851 జనాభా లెక్కల నాటికి ఇంచుమించు 25,000 మంది స్త్రీలు ఈ వృత్తిలో ఉన్నారు. వారు పనివారితో కలిసి భోంచేయడానికి వీలులేదు. కుటుంబంతో సమానంగా కూర్చోవడానికీ వీలులేదు. నవలా రచయిత్రి షార్లెట్ బ్రాంటీకి 1841లో ఇటువంటి ఉద్యోగంలో ఏడాదికి 20 పౌండ్ల జీతం. బట్టలు ఉతికించిన ఖర్చు మినహాయించగా చేతికి వచ్చేది 16 పౌండ్లేనని ఆమె ఒక ఉత్తరంలో లెక్క చెప్పింది. సొంతంగా పాఠశాల నడపాలంటే ఫ్రెంచి, జర్మన్ బాగా రావాలని గ్రహించి, మరుసటి సంవత్సరం చెల్లెలు ఎమిలీతో కలిసి బ్రస్సెల్సుకు వెళ్లి విద్యార్థినిగా చేరింది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. ధనిక బాలికకు ఫ్రెంచి నగ అయితే, ఆమె గవర్నెస్‌కు అదే అన్నం. ఆ భాషను అక్కరతో నేర్చుకున్నది ఎవరో వేరే చెప్పనవసరం లేదు. 1847లో వెలువడిన 'జేన్ ఐర్' నవలలో కథానాయికకు ఉద్యోగం దొరికిన ఇంటిలో ఆమె శిష్యురాలు ఫ్రెంచి మాట్లాడే పిల్ల కావడం రచయిత్రి అనుభవంలో నుంచి వచ్చిన విషయమే.

గవర్నెస్‌కు అసలు ఎంత వచ్చునో పరీక్షించే ఏర్పాటేదీ చాలాకాలం లేదు. వారికి శిక్షణ, యోగ్యతాపత్రాలు ఇవ్వడానికి 1848లో లండనులో క్వీన్స్ కాలేజీ వెలసింది. ఇరవై ఏళ్ల తరువాత, 1868లో, విద్యపై ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం తన నివేదికలో బాలికల చదువులో పునాది లేదనీ, పైపై మెరుగులకే కాలమంతా ఖర్చవుతున్నదనీ తేల్చి చెప్పింది.

ఇంటి చదువే మేలని, బడి పిల్లల్ని ఒకే మూసలో పోస్తుందని వాదించేవారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. భాషాభ్యాసం వరకు ఆ వాదంలో సత్యముంది. భోజనాల దగ్గర ఫ్రెంచి తప్ప మరొకటి మాట్లాడకూడదన్న నియమం మధ్య పెరిగిన పిల్లకు వచ్చినంత సులువుగా ఆ భాష తరగతి గదిలో రాదు. అయితే పదేళ్ల శ్రమ తరువాత ఆ పిల్ల చేతిలో ఏముంటుంది? పరీక్ష లేదు, పట్టా లేదు, వృత్తి లేదు. ఆమెకు వచ్చిన భాషలు విశ్వవిద్యాలయం అడిగే భాషలు కావు. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలలో చదవాలంటే మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేదాకా గ్రీకు తప్పనిసరి. మగపిల్లవాడు ఏడెనిమిదేళ్లకే బడిలో లాటిన్ మొదలుపెట్టి, ఆపైన గ్రీకు అందుకునేవాడు. అతని సోదరి అదే ఇంట్లో ఫ్రెంచి క్రియాపదాలు వల్లె వేసేది. ఇద్దరికీ పరభాషలే, ఒకటి బయటికి దారి, మరొకటి హాలులో తివాచీ.

ఆ దారిని సోదరుని పాఠాల పక్కన కూర్చుని కనుగొన్నవారు కొందరున్నారు. కవయిత్రి ఎలిజబెత్ బారెట్ తండ్రి జమైకాలో చెరకు తోటలున్న సంపన్నుడు. ఆ సంపద బానిసల శ్రమ నుంచి వచ్చినదన్న సంగతి మరువరాదు. తమ్ముడు ఎడ్వర్డ్‌కు గ్రీకు చెప్పడానికి ఇంటికి వచ్చిన ఉపాధ్యాయుని దగ్గర ఆమె కూడా నేర్చుకుంది. 1820లో తమ్ముడు చార్టర్‌హౌస్ పాఠశాలకు వెళ్లాడు. ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. అదే సంవత్సరం ఆమె బాల్యరచన అయిన ఒక కావ్యాన్ని తండ్రి 50 ప్రతులు అచ్చు వేయించాడు. గ్రీకును ఆమె వదలలేదు. 1833లో గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ రచించిన 'ప్రొమీథియస్' నాటకానికి ఆమె అనువాదం వెలువడింది. ఇంత ప్రేమతో చదివించిన ఆ తండ్రే తన సంతానంలో ఎవరూ పెళ్లి చేసుకోరాదని శాసించాడు. 40 ఏళ్ల వయస్సులో, 1846లో, ఆమె రహస్యంగా వివాహమాడి ఇటలీకి వెళ్లిపోయింది. తండ్రి ఆమె ముఖం మళ్లీ చూడలేదు.

సోదరుని పాఠమే ఆసరాగా చదువుకున్న స్త్రీలు మన దేశంలోనూ ఉన్నారు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించిన భండారు అచ్చమాంబ (1874–1905) పాఠశాల ముఖం చూడకుండానే, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువును అందిపుచ్చుకుని భాషలు నేర్చుకుంది. ఖండాలు వేరైనా తోబుట్టువుల బల్ల మాత్రం ఒక్కటే.

వర్జీనియా వుల్ఫ్ నాటికి పరిస్థితి కొంత మారింది. ఆమె సోదరులు కేంబ్రిడ్జికి వెళ్లారు. ఆమె ఇంట్లో గ్రీకు చదివింది. 1902 నుంచి ఆమెకు పాఠం చెప్పడానికి ఇంటికి వచ్చిన జానెట్ కేస్ కేంబ్రిడ్జిలోని మహిళా కళాశాల గిర్టన్‌లో చదివిన స్త్రీ. ఊరికే చదువుకుపోవడం కాక వ్యాకరణం మొదటి నుంచి నేర్చుకోవాలని పట్టుబట్టింది. ఒక తరం స్త్రీలు బయటికి వెళ్లి సాధించిన చదువు మరొక స్త్రీకి ఇంటికే నడిచి వచ్చిందన్నమాట. వుల్ఫ్ 1925లో గ్రీకు తెలియకపోవడాన్ని గురించి ఒక వ్యాసం, 1938లో కుమారుల చదువుకు ధనాన్ని ధారపోసి కుమార్తెలను ఇంట్లో ఉంచిన కుటుంబాలను నిలదీస్తూ ఒక గ్రంథం రాసింది. ఎన్నో ఏళ్లు గ్రీకు చదివిన స్త్రీ తనకు గ్రీకు తెలియదనడం అతివినయమని కొందరంటారు. అది వినయం కాదు, ఫిర్యాదు. గిర్టన్ విద్యార్థినులకు కూడా కేంబ్రిడ్జి పూర్తి పట్టాలిచ్చింది 1948లోనే.

పరభాషగా ఇంగ్లీషు, ఫ్రెంచి భారతదేశపు ధనిక గృహాలలోకి పంతొమ్మిదవ శతాబ్దంలో ప్రవేశించాయి. కలకత్తాకు చెందిన తోరూ దత్ (1856–1877) చదువు చాలావరకు ఇంట్లో, తండ్రి పర్యవేక్షణలో సాగింది. 1869లో కుటుంబం ఐరోపాకు వెళ్లినప్పుడు ఫ్రాన్సులోని నీస్ నగరంలో కొద్ది నెలలు బడికి వెళ్లింది. ఆపైన కేంబ్రిడ్జిలో స్త్రీల కోసం ఏర్పాటైన ఉపన్యాసాలు విన్నది. 1873లో స్వదేశానికి తిరిగివచ్చాక, ఇంగ్లాండులో స్వేచ్ఛగా తిరిగిన ఆమెకు ఇల్లు, తోట తప్ప వేరే లోకం లేకపోయింది. ఇంగ్లాండులోని స్నేహితురాలికి రాసిన ఉత్తరాలలో ఆ వెలితి స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్రెంచి కవితలకు ఆమె చేసిన ఇంగ్లీషు అనువాదాల సంపుటి 1876లో కలకత్తా శివార్లలోని ఒక చిన్న అచ్చుకూటంలో వెలువడింది. మరుసటి సంవత్సరం, 21 ఏళ్ల ప్రాయంలో, క్షయవ్యాధితో ఆమె మరణించింది. ఆమె ఫ్రెంచిలో రాసిన నవల కాగితాల మధ్య దొరకగా తండ్రి దానిని ప్రచురణకు పంపాడు. అది 1879లో పారిస్‌లో వెలువడింది.

ఆ నవల వెలువడిన సంవత్సరమే హైదరాబాదులో, విద్యావేత్త అఘోరనాథ చట్టోపాధ్యాయ ఇంట, సరోజిని జన్మించింది. ఇంగ్లీషు మాట్లాడటానికి ఆమె మొండికేసేది. తొమ్మిదేళ్ల వయస్సులో, ఆ మొండితనానికి శిక్షగా తండ్రి ఆమెను ఒక రోజంతా గదిలో ఒంటరిగా ఉంచాడు. గది నుంచి బయటికి వచ్చింది మొదలు ఆ బాలిక తల్లిదండ్రులతో ఇంగ్లీషు తప్ప మరొక భాష మాట్లాడలేదు. తల్లి మాత్రం ఎప్పటివలె హిందూస్థానీలోనే పలకరించేది. ఆమె ప్రతిభను కొనియాడటానికి ఈ ఉదంతాన్ని ఎంతో ముచ్చటగా చెప్పుకుంటారు. ఆ గది తలుపు గురించి ఎవరూ అడగరు. 12 ఏళ్లకు ఆమె మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణురాలైంది. తన కుమార్తె శాస్త్రవేత్తో, గణితవేత్తో కావాలని తండ్రి కోరిక. ఆమె ఇంగ్లీషులో కవిత్వం రాసింది. 1895లో నిజాం ఇచ్చిన విద్యార్థివేతనంతో ఓడ ఎక్కి ఇంగ్లాండు చేరి, మొదట లండనులోని కింగ్స్ కాలేజీలోనూ, తరువాత గిర్టన్‌లోనూ చదువుకుంది.